నడినీళ్లలో ఊపిరాడని ఇంజను

దయ్యం పేరు చెప్పి నా చేత ఒక్క నిమ్మకాయ కూడా కొనిపించినవాళ్లు లేరు. అమావాస్యకు వాకిట్లో గుమ్మడికాయ పగలగొడితే కూరకు పనికొచ్చేది పోయిందే అని బాధపడే మనిషిని నేను. పిల్లలకు జ్వరం వచ్చి పక్కింటివాళ్లు దిష్టి తీయమన్నప్పుడు కూడా ఎండుమిరపకాయలు పొయ్యిలో వేయలేదు, చారులో వేశాను. చచ్చినవాళ్లకు మన మీద పగ పెట్టుకునే తీరిక ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. బతికినన్నాళ్లూ చాకిరీ చేసి పోయినవాళ్లు, వాళ్లకు నిద్ర చాలు.

ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను. బడికి పోయింది కొన్నాళ్లే కాబట్టి నా రాత వంకర. మా తమ్ముడి మనవరాలు అక్షరాలు సరిచేస్తానంది. చదివేవాళ్లలో ఇంజన్ల సంగతి బాగా తెలిసినవాళ్లు ఉంటారు. మేం చూడకుండా వదిలేసిన చోటు ఏదైనా ఉంటే వాళ్లకైనా కనపడుతుందేమో.

గండికోట దగ్గర నీళ్లు నిలిచాక మునిగిన పల్లెల్లో మాదొకటి. ఇల్లూ, పల్లపు చేనూ నీళ్లలోకి పోయాయి. గట్టు మీదున్న రెండెకరాలు మునగలేదు. కానీ ఆ చేను అవతలి ఒడ్డున మిగిలింది, మాకు ఇళ్లిచ్చిన కాలనీ ఇవతల. రోడ్డు మీద చుట్టి పోవాలంటే పోను ఒక పూట, రాను ఒక పూట.

ఊరు పోయాక నా కొడుకు ఓబులేసు మంచం పట్టాడు. రోగమేమీ లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. తెల్లవారకముందే లేచి ఎద్దులకు మేత వేసే అలవాటున్న మనిషి, ఎండ మొహాన పడ్డా కదిలేవాడు కాదు. కోడలు రమణమ్మ కూలికి పోయి ఇల్లు నెట్టుకొచ్చేది. నేను తిట్టాను, బతిమాలాను. చివరికి చాటలో బియ్యం పోసి ముందు పెట్టి, రాళ్లయినా ఏరమన్నాను. ఏరలేదు.

వాణ్ణి లేపింది పడవ. చేపలు పట్టడానికి కోస్తా నుంచి వచ్చిన జాలర్లు పాత చెక్కపడవ ఒకటి వదిలించుకుంటున్నారని విని, ఆ రోజు తనంతట తానే లేచి పోయాడు. మాలాగా అవతల చేలు మిగిలినవాళ్లు కాలనీలో శానామంది ఉన్నారు. వాళ్లనూ వాళ్ల ఎరువునూ విత్తనాలనూ దాటిస్తే వాళ్లకు దారి, వీడికి పని.

ఇంజను మాదే. మా ఆయన బావి మీదికి కొన్న ఆయిలు ఇంజను. ఊరు ఖాళీ చేసిన రోజు అందరూ తలుపులూ దూలాలూ విప్పుకుంటుంటే నేను దాన్ని ట్రాక్టరుకు ఎక్కించాను. మంచి ఇనుమును నీళ్లపాలు చేయడం నా వల్ల కాదు. ఓబులేసు దాన్ని పడవ వెనకభాగంలో బిగించి, ఇనుపకడ్డీ ఒకటి నీళ్లలోకి దించి, దాని కొసన ఫ్యాను వేయించాడు. తెరచాప నేను కుట్టాను. జాలర్ల దగ్గర చూసి, ఉతికిన యూరియా సంచులను గోనెదారంతో కలిపాను. ఊరకే వీచే గాలి ఉండగా డీజిలు కాల్చడం దండగ. వాటంగాలి ఉంటే తెరచాపా ఇంజనూ కలిసి లాగేవి. ఎదురుగాలికైతే తెరచాప దించేసి ఇంజను ఒక్కదాంతోనే వచ్చేవాళ్లం.

పడవ నడిచినన్నాళ్లూ వాడు మనిషిలా ఉన్నాడు. ఒడ్డున ఎవరో ఒకరు ఎగతాళి చేసేవాళ్లు.

"ఏమప్పా ఓబులేసూ, కడపకు టికెట్టెంతప్పా?"

"నీకు ఊరకేలేబ్బా. నీ నోటికే సగం టికెట్టు."

వాడి నోట ఆ మాత్రం మాట విని ఎన్నాళ్లయిందోనని రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అర్థమైంది ఒకటే. పడవ నడిస్తే నా కొడుకు నిలబడతాడు, ఆగితే పడుకుంటాడు. తర్వాత ఆ ఇంజను కోసం మేం పడిన పాటంతా అందుకోసమే.

విత్తనం వేసే ముందు, పడమటి గాలి లేచే రోజుల్లో మొదటిసారి అది చెడింది. పడవలో నేనూ, కూలికి వచ్చే ఆడవాళ్లూ, పెంట ఎరువు సంచులూ ఉన్నాం. ఒడ్డున హ్యాండిలు కొట్టగానే ఎప్పటిలా అందుకుంది. నడినీళ్లకు పోయేసరికి చప్పుడు మారింది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. గొట్టంలోంచి కాటుకలాంటి పొగ వచ్చింది. పడవకు తోపు లేదు. ఓబులేసు డీజిలు ఎంత వదిలితే పొగ అంత నల్లబడింది గానీ ఇంజను పుంజుకోలేదు. ఆ రోజు తెరచాపే మమ్మల్ని అవతలికి చేర్చింది. ఒడ్డు దగ్గరపడగానే, ఎవరూ ఏమీ చేయకుండానే, ఇంజను మళ్లీ మామూలుగా ఆడింది.

మొదట డీజిలును అనుమానించాం. క్యానులో నీళ్లు చేరాయేమోనని గాజుసీసాలో పోసి తెల్లారిందాకా కదపకుండా పెట్టాను. అడుగున చుక్క నీరు లేదు. మడత పెట్టిన నూలుచీర పేలికలో వడగట్టాను, మడ్డి లేదు. ఓబులేసు ఫిల్టరు కొత్తది వేశాడు. డీజిలు పైపులో గాలి పట్టిందేమోనని మర వదులు చేసి, బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చేదాకా కారనిచ్చి బిగించాడు. ఒడ్డున బాగుంది. నడినీళ్లలో మళ్లీ అదే.

ఫ్యానుకు నాచో పాత వలో చుట్టుకుంటే ఇంజను ఈడ్వలేదని జాలర్లు చెప్పారు. పడవను ఒడ్డుకు లాగి చూశాం. చేత్తో తిప్పితే సాఫీగా తిరిగింది. నాజిల్ విప్పి జమ్మలమడుగుకు తీసుకుపోతే, అక్కడ పరీక్ష పెట్టి, డీజిలు మంచులా చిమ్ముతోంది, దీనికేమీ లేదన్నారు.

ఈలోపు ఇంకో సంగతి. నడినీళ్లలో ఇంజను కుంటినప్పుడల్లా దాని దగ్గర కూర్చున్నవాళ్లకు తల బరువెక్కేది. ఒకామెకు వాంతి అయింది. ఇంకొకామె ఎరువు సంచి మీద తల వాల్చి, ఎంత పిలిచినా లేవక, ఒడ్డుకు చేరాక కళ్లు తెరిచింది. నీళ్లు చూసి కళ్లు తిరిగాయనుకున్నాం. మెట్టమనుషులం, పడవ కొత్త.

చివరికి మెకానిక్ మస్తాను వచ్చాడు. వాళ్ల నాయన కాలం నుంచి మా ఇంజన్లన్నీ చూసేది ఆ కుటుంబమే. నన్ను అక్కా అంటాడు. క్యానులో డీజిలు చూసి, "అక్కా, నువ్వు వడగట్టినాక ఇది ఇంజనుకేంది, నేను తాగినా అరుగుతాది" అన్నాడు. పని మాత్రం నవ్వుతూ చేయలేదు. సైలెన్సరు విప్పి మసి తట్టాడు, పెద్దగా లేదు. గాలి వడకట్టే డబ్బా తీసి, అందులో పాత ఆయిలు పారబోసి కడిగాడు. హ్యాండిలు తిప్పి లోపలి బిగువు చూశాడు. ఇంజను గాలి పీల్చే నోటికి అరచెయ్యి అడ్డం పెడితే, చెయ్యిని లోపలికి గుంజుకుంది. ఒడ్డునే బరువు పెట్టి చూద్దామని ఇంజనును దింపి, పంపుకు బెల్టు వేసి నీళ్లు తోడించాడు. పొద్దెక్కిందాకా తోడింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

దాన్ని మళ్లీ పడవకు బిగించి నలుగురం బయలుదేరాం. మస్తాను, ఓబులేసు, రమణమ్మ, నేను. మిట్టమధ్యాహ్నం. గాలి జోరుగా ఉంది.

నడినీళ్లలో అది కుంటడం మొదలుపెట్టింది. మస్తాను గాలి డబ్బా పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు ఇంజను నోటికీ ఆకాశానికీ మధ్య అడ్డమేదీ లేదు. అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. నన్ను కూడా పెట్టమన్నాడు. పసిబిడ్డ చివరి గుక్కలా ఉంది ఆ పీల్పు, ఉందో లేదో తెలియనంత.

"దీనికి గాలి అందడంల్యాక్కా," అన్నాడు. "బాయిలో దించిన ఇంజను ఆడినట్ల ఆడతాండాది."

అని, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

నేను తలెత్తాను. మా నెత్తి మీద నేను కుట్టిన తెరచాప నిండునెలల చూలాలి కడుపులా ఉబ్బి ఉంది. తాళ్లు కీచుమంటున్నాయి. నా కొంగు నిలవడం లేదు. అంత గాలిలో ఆ ఇంజనుకు గాలి లేదు.

మస్తాను నాలుక ఎందుకు కరుచుకున్నాడో చెప్పాలి.

మా సీమలో బావుల్లో నీళ్లు కిందికి పోయే కొద్దీ ఇంజను కూడా కిందికి పోతుంది. గట్టు మీది నుంచి నీళ్లు అందవు కాబట్టి, బావి లోపల రాతిలో అరుగు కొట్టి, గొలుసులతో ఇంజనును దాని మీదికి దించుతారు. పొగ బయటికి పోవడానికి పొడుగాటి గొట్టం బిగిస్తారు. ఓబులేసు పాకే వయసులో ఒక రోజు ఆ గొట్టం అతుకు ఊడింది. పొగ బావిలోనే నిండుతోందని చూసి, ఇంజను ఆపడానికి మా ఆయన దిగాడు. మళ్లీ ఎక్కలేదు. ఎవరూ తోయలేదు, జారిపడలేదు. అరుగు మీద ఇంజను పక్కన ఒరిగి, నిద్రపోయినట్టు ఉన్నాడట. ఇంజను మాత్రం డీజిలు అయ్యేదాకా ఆడి ఆగింది.

దాన్ని పాతసామాన్లకు వేసేయమన్నారు అందరూ. నేను వేయలేదు. మొగుడు పోయాడు, చేను ఎండితే బిడ్డ కూడా పోతాడు. ఇంజనును కడిగించి మళ్లీ నీళ్లు తోడించాను. కరెంటు మోటారు వచ్చేదాకా, ఏళ్ల తరబడి, అది ఎవరినీ ఏమీ చేయలేదు. ఇనుము ఇనుమే.

ఇంకో మాట కూడా రాయాలి, ఎందుకంటే విన్నవాళ్లంతా ముందు ఇదే అడుగుతారు. ఆ బావి నీళ్ల కింద లేదు. గట్టు మీది చేలోనే, ఎండిపోయి, ముళ్లకంప కప్పి ఉంది. ఇంజను కుంటే చోటు దానికి శానా దూరం. ఆ చోట ఒకప్పుడు ఉత్త బీడు. పూడ్చిన శవం గానీ, కూలిన ఇల్లు గానీ ఏదీ లేదు. నాకు బాగా తెలుసు, ఆ బీట్లో నేను గేదెలు మేపాను.

బావిలో మంచి గాలి ఉందో లేదో తెలుసుకోవడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి దిగేముందు, వెలిగించిన లాంతరును తాడు కట్టి లోపలికి వదులుతారు. దీపం నిలిస్తే దిగొచ్చు. మలిగితే దిగకూడదు. మర్నాడు నేను అటక మీది లాంతరు దింపి, సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు పోసి, పడవకు తీసుకుపోయాను.

"పట్టపగలు లాంతరేందత్తా?" అంది రమణమ్మ.

"నీ మొగుడు యాడుండాడో వెతకడానికి. అగ్గిపెట్టె తే పో."

ఒడ్డున, ఆడుతున్న ఇంజను పక్కన లాంతరు నిలకడగా వెలిగింది. నడినీళ్లలో ఇంజను కుంటగానే వత్తి మీది మంట కుంగింది. నీలంగా అయింది, మలిగింది. గాలికి ఆరిందేమోనని మస్తాను గాజుబుడ్డి బిగించి, తానే మళ్లీ వెలిగించి, తన ఒంటిని అడ్డం పెట్టి ఇంజను పక్కన ఉంచాడు. మలిగింది. దాన్ని పడవ ముందు కొసకు, గాలి మొహాన కొట్టే చోటికి తీసుకుపోయి వెలిగించాడు. వెలిగింది. అలాగే పట్టుకొని ఇంజను దగ్గరికి వచ్చాడు. మలిగింది. ఇంజను ఆపేసి, పొగ పోయాక అదే చోట వెలిగించాడు. నిలిచింది.

వెనకగాలి పొగను పడవలోకే తెస్తోందని అతని లెక్క. అది నిజమేమోనని, పొగగొట్టానికి ఇంకో గొట్టం అతికి మనిషి ఎత్తుకు పైన లేపాడు. వచ్చేటప్పుడు ఎదురుగాలి. తెరచాప దించేశాం. పొగ మాకు తగలకుండా వెనక్కి నీళ్ల మీదికి పోవడం కళ్లారా చూశాం. ఇంజను అక్కడే కుంటింది. లాంతరు అక్కడే మలిగింది. ఒడ్డు దిగి మస్తాను శానాసేపు చేతులు కడుక్కున్నాడు.

మందు కనిపెట్టింది ఓబులేసు. బావిలో చెడుగాలి ఉందని తెలిస్తే, వేపకొమ్మలు మోపుగా కట్టి, తాడుతో దించి, పైకీ కిందికీ ఊపుతారు. ఆ కదలికకు మంచి గాలి లోపలికి దిగుతుందని. వాడు ఆకులున్న వేపకొమ్మ ఒకటి పడవలో వేసుకొచ్చి, ఇంజను కుంటగానే దాని నోటి మీద పైకీ కిందికీ ఆడించాడు. చుట్టూ మనిషి ఎగిరిపోయేంత గాలి. ఆ గాలిలో వేపకొమ్మతో గాలి విసరడం ఎవరు చూసినా నవ్వుతారు. కానీ ఇంజను అందుకుంది. పొగ పలచబడింది. దెబ్బ దెబ్బకూ మధ్య ఎడం తగ్గింది. కొమ్మ ఆపితే కుంటింది, ఆడిస్తే పుంజుకుంది.

ఆ తర్వాత ప్రతిసారీ ఒకరు కొమ్మ ఆడించాల్సిందే. ఎక్కువగా రమణమ్మ. కాలనీవాళ్లు, ఓబులేసు ఇంజనుకు అల్లుడి మర్యాదలు చేస్తాండాడన్నారు. వాడికి పట్టలేదు. విత్తనాలు దాటించాడు, చేలు పడ్డాయి, మా రెండెకరాల్లో శనక్కాయ మొలిచింది.

నాకు ఆ కొమ్మ నచ్చలేదు. దయ్యమని కాదు. కారణం తెలియని మందును నేను నమ్మను. మా తమ్ముడు కర్నూలు పక్కన కల్లూరులో ఉంటాడు. అక్కడి చిన్న ఫ్యాక్టరీల్లో ఏదో ఒక పని దొరుకుతుందని పిలుస్తున్నాడు. ఒక పొద్దున పడవ దగ్గరే వాడికి చెప్పాను.

"ఆ ఇంజను దించెయ్ నాయనా. ఈ పంట తీసుకొని కల్లూరికి పోదాం."

వాడు చేస్తున్న పని ఆపలేదు. "దించి?"

"దించి మనుసులు బతికినట్ల బతుకుదాం."

"నేను మల్లా మంచంలో పండుకుంటే నీకు బాగుంటాదామా?"

నేను చేతిలో ఉన్న డీజిలు క్యాను పడవలో పెట్టాను. పెట్టకుండా ఉండి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

కలుపు తీసే రోజుల్లో రమణమ్మకు జ్వరం వచ్చింది. అవతల కలుపు కూలీలు ఎదురుచూస్తున్నారని ఓబులేసు ఒక్కడే పడవ తీశాడు. కొమ్మ ఎవరు ఆడిస్తారని నేను అడిగాను. అవసరమైతే తానే ఆడిస్తానన్నాడు. ఎండ బాగా వచ్చింది. పడమటి గాలి జోరు మీద ఉంది. తెరచాప ఎత్తగానే ఫట్‌మని నిండింది.

నేను ఒడ్డున కూర్చొని చప్పుడు వింటున్నాను. పడవ నడినీళ్లకు చేరింది. ఇక కుంటుంది అనుకున్నాను. కుంటలేదు. ఒక్క దెబ్బ తప్పకుండా, పొగ ఊసే లేకుండా, బావి నిండుగా ఉన్న కాలంలో ఆడినట్టు ఆడింది. అంత చక్కటి చప్పుడు నేను ఆ ఇంజనులో విని ఏళ్లయింది. నా పక్కన చేపల వల బాగుచేసుకుంటున్న జాలరి కూడా తలెత్తి, ఇంజను బాగుపడిందే అన్నాడు. నాకు సంతోషమేసింది. అది దాచను.

పడవ రేవుకు తిరగాల్సిన చోట తిరగలేదు. నేరుగా పోతూనే ఉంది. అవతలి ఒడ్డున ఆడవాళ్లు చేతులూపుతున్నారు. ఇంజను అదే వాటంగా ఆడుతోంది. పోయి పోయి దూరంగా గులకరాళ్ల దిబ్బకు తగిలింది. తగిలాక కూడా ఫ్యాను తిరుగుతూనే, నీళ్లు వెనక్కి తన్నుతూనే ఉంది.

నా పక్కనున్న జాలరి తన గుండ్రటి పుట్టి పడవ వేసుకొని పోయాడు. ఓబులేసు ఇంజను పక్కన, దాని నోటివైపు తల పెట్టి, ఒరిగి ఉన్నాడట. కొమ్మ పడవ ముందు కొసన ఉంది, వాడు దాన్ని తాకినట్టు లేదు. మొహం ఎర్రగా, తలంటు పోసుకున్నవాడిలా నిగనిగలాడుతోందట. చల్లగాలికి కునుకు పట్టిందనుకొని, ముందు భుజం తట్టి లేపాడట జాలరి.

కడప ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టారు. నెత్తురు తీసి పరీక్ష చేశారు. డాక్టరు కుర్రవాడే, మంచిగా మాట్లాడాడు.

"ఏ గదిలో పడుకున్నాడమ్మా? జనరేటరు లోపలే పెట్టుకున్నారా?"

గది కాదన్నాను. పడవ అన్నాను. పడవలో మూసిన గది ఉందా అని అడిగాడు. లేదన్నాను. పైకప్పు? లేదు. అతను రమణమ్మను పక్కకు పిలిచి మళ్లీ అదే అడిగాడు. ఆమె కూడా అదే చెప్పింది. నెత్తురు నిండా పొగ ఉందనీ, తలుపులు మూసిన చోట శానాసేపు ఉంటే తప్ప అంత పొగ ఎక్కదనీ చెప్పాడు. ఆ పొద్దున్నే నేను వాడికి సంగటి పెట్టాను. పడవ ఎక్కడం చూశాను. నీళ్ల మీద ఉన్నది ఎంతసేపు, ఒక బుట్టెడు బట్టలు ఉతికినంతసేపు కూడా కాదు.

ప్రాణం నిలిచింది. కళ్లు తెరిచాడు. అంతకు మించి రాలేదు. మెదడుకు గాలి అందని దెబ్బ అన్నారు, కాలమే చూడాలన్నారు. కాలం చూస్తూనే ఉన్నాం. నోట్లో పెడితే మింగుతాడు. ఎటు తిప్పి పడుకోబెడితే అటే చూస్తాడు. నన్ను గుర్తుపడతాడో లేదో నాకు తెలియదు. రమణమ్మ గుర్తుపడతాడంటుంది. నేను ఆమె మాట కాదనను.

ఇంజనును మస్తాను తన షెడ్డుకు తీసుకుపోయాడు. పిస్టన్ దాకా విప్పి, రింగులు చూసి, మళ్లీ బిగించి ఆడించాడు. బరువు పెట్టి, షెడ్డు రేకుతలుపు మూసి తాను బయట నిలబడి కూడా చూశాడట. చెడు ఏమీ కనపడలేదు. ఎవరైనా కొనుక్కుంటామంటే ఇమ్మంటావా అక్కా అని అడిగాడు. వద్దన్నాను. చితక్కొట్టించమన్నాను. పనికొచ్చే వస్తువును పాడుచేయమని చెప్పడం నా బతుకులో అదే మొదలు.

విన్నవాళ్లు తలా ఒకటి చెప్పారు. తెరచాప పొగను ఆపి ఉంటుందని ఒక ఇంజనీరు పిల్లవాడన్నాడు. ఎదురుగాలిలో, తెరచాప లేకుండా కూడా చూశాం కదా. మునిగిన చెట్లూ చేమలూ కుళ్లి ఆవిరి వస్తుందన్నారు ఇంకొకరు. ఆ ఆవిరి జాలర్లను ఎందుకు వదిలేసింది, పడవ ముందు కొసన దీపాన్ని ఎందుకు వదిలేసింది? ఆ రోజు ఎవరూ కొమ్మ ఆడించకుండా ఇంజను అంత బాగా ఎందుకు ఆడింది? ఈ చివరిది నేను ఎవరినీ ఎక్కువగా అడగను.

ఇప్పుడు కల్లూరులో ఉన్నాం. కొత్తగా లేచిన వీధి, చిన్న అద్దె ఇల్లు. రమణమ్మ ఫ్యాక్టరీకి పోతుంది. వాణ్ణి నేను చూసుకుంటాను. దగ్గరలో చెరువు లేదు, ఇంజను లేదు, పొగ లేదు. మామూలు రోజుల్లో వాడి ఊపిరి బాగానే ఆడుతుంది. ఆకు కదలని ఉక్కలో, మేమంతా చెమటలు కక్కుతుంటే, వాడు హాయిగా నిద్రపోతాడు.

పడమటి గాలి లేచిన రోజునే కష్టం. గాలి కిటికీలోంచి వచ్చి మొహానికి తగలగానే వాడి రొమ్ము ఎగసిపడుతుంది. నోరు తెరుస్తాడు. గాలి ఎంత ఎక్కువైతే వాడికి అంత అందదు. డాక్టరుకు చూపించాం. ఊపిరితిత్తుల్లో లోపం లేదన్నాడు.

ఆషాఢంలో సాయంత్రం గాలి తిరిగితే వీధిలో అందరూ చల్లగా ఉందని తలుపులు తెరిచి, వాకిళ్లలో మంచాలు వేసుకుంటారు. నేను లేచి మా తలుపూ కిటికీలూ మూస్తాను. సందుల్లో పాతగుడ్డలు కుక్కుతాను. గదిలో గాలి కదలిక పూర్తిగా ఆగాక వాడు మెల్లగా మామూలవుతాడు. పక్కింటామె ఒకసారి తలుపు తట్టి, లోపల ఊపిరెట్ల ఆడతాండాదవ్వా మీకు అని అడిగింది. తలుపు తీయకుండానే, ఆమె మాట వినపడిన సందులో ఇంకో పాతగుడ్డ కుక్కాను.